అనువాద పాఠాలు – 7: ఆగిందా, ఆపారా?

ఆరో పాఠం చివర ‘అరెస్ట్’ అనే ఇంగ్లీషు మాట వచ్చే ఐదు వాక్యాలిచ్చి తెలుగు చేయమన్నాను. వానలేక వేరుశనగ పైరు ఎదుగుదల ఆగడం, పోలీసు అరెస్టు, గుండెకు వచ్చే ‘కార్డియాక్ అరెస్ట్’, ఎత్తున పనిచేసేవారు కట్టుకునే ‘ఫాల్ అరెస్ట్’ పట్టీ, పిడుగుల వేళ పనిచేసే ‘లైట్నింగ్ అరెస్టర్’ వాటిలోని సంగతులు. వచ్చిన జవాబుల్లో ‘హృదయ నిర్బంధం’, ‘పిడుగు నిర్బంధకం’, ‘పతన నిర్బంధక పట్టీ’ కనిపించాయి. ఒకరైతే వేరుశనగ పైరు ఎదుగుదలను కూడా నిర్బంధంలో పెట్టారు. తప్పు పాఠకులది కాదు, నాది. ఒక పారిభాషిక పదానికి ఒకే తెలుగు మాట పెట్టుకొని చివరిదాకా దానికే కట్టుబడి ఉండాలని ఆ పాఠంలో గట్టిగా చెప్పాను గాని, ఆ కట్టుబాటు ఒకే రంగానికి చెందిన పత్రానికి మాత్రమే వర్తిస్తుందన్న ముక్క ఎవరికైనా తెలిసిందే కదా అని వదిలేశాను. కాబట్టి ఈసారి అనుకున్న విరామ చిహ్నాల పాఠాన్ని పక్కనబెట్టి ఆ ఐదు వాక్యాల దగ్గరికే వెళ్దాం.

ఇంగ్లీషులో ఈ నామవాచకం ఏదో నిలిచిపోయిందని చెబుతుంది గాని, అది తనంతట తాను ఆగిందా, మరొకరు ఆపారా అన్నది చెప్పదు. తెలుగులో ఆగడం వేరు, ఆపడం వేరు. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోకుండా వాక్యం ముందుకు సాగదు. అందువల్ల నిఘంటువు తెరవక ముందే, ఆగినది ఏది, దాన్ని ఆపినది ఏది అని వాక్యాన్ని అడగాలి. వేరుశనగ వాక్యంలో ఆపిన మనిషి లేడు, వాన లేకపోవడమే ఉంది. అనంతపురం రైతు అటువంటి చేనును చూసి ‘గిడసబారింది’ అంటాడు. ఆ ఒక్క మాట ఉండగా వృద్ధి నిరోధం వంటి సమాసాలు ఎందుకో నాకు అర్థం కాదు.

చట్టం వాక్యంలో అందరూ సులభంగా గట్టెక్కామనుకున్నారు, కానీ నిర్బంధం అక్కడ కూడా పనికిరాదు. రాజ్యాంగం 22వ అధికరణం శీర్షికలోనే అరెస్టు, నిర్బంధం రెండూ పక్కపక్కన ఉన్నాయి. మొదటిదానికి కూడా నిర్బంధం అని రాసేస్తే రెండోదానికి మాట మిగలదు. అరెస్టు ఒక చర్య, నిర్బంధం ఆ తరువాత గాని, ముందస్తు నిర్బంధంలో వలె విడిగా గాని కొనసాగే స్థితి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను ప్రకారం, అరెస్టు జరిగినట్టు కావాలంటే, మనిషి మాటతోనో చేతతోనో లొంగిపోతే తప్ప, పోలీసు అధికారి అతని శరీరాన్ని తాకడమో కదలకుండా చేయడమో జరగాలి. అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ గడియారం ఎప్పుడు మొదలైందన్నది వివాదమైనప్పుడు ‘అదుపులోకి తీసుకున్నారు’ అనే పత్రికల మాట ఏమీ తేల్చదు. నేను ‘అరెస్టు’ అనే ఉంచుతాను, అది ఎప్పుడో తెలుగైపోయింది. వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ మాత్రం చట్టంలో లేదు కనుక, దాని వెంట ‘పేరిట మోసం’ అని చేర్చకుండా రాయకండి.

ఇక నన్ను ఏళ్లుగా చికాకుపెడుతున్న సంగతికి వస్తాను. ‘హృదయ నిర్బంధం’ నవ్వించి పోతుంది, ‘గుండెపోటు’ అని రాసినవారి జవాబే ప్రమాదకరమైనది. గుండెపోటులో గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. రోగి చెమటలు కక్కుతూ, ఛాతీ పట్టుకొని, చాలా సందర్భాల్లో మాట్లాడుతూనే ఉంటాడు, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కార్డియాక్ అరెస్టులో గుండె రక్తాన్ని నెట్టడమే మానేస్తుంది. మనిషి క్షణాల్లో స్పృహ తప్పి పడిపోతాడు, మామూలు శ్వాస ఉండదు, ఒక్కోసారి ఎగశ్వాస మాత్రం కనిపిస్తుంది. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు, అంతమాత్రాన రెండూ ఒకటి కావు. చాలా ఏళ్ల క్రితం ఒక సంస్థ కోసం ప్రథమ చికిత్స కరపత్రం తెలుగు చేస్తూ నేనే ‘గుండెపోటు వచ్చినవారి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి’ అని రాశాను. ప్రూఫు చూసిన నర్సమ్మ ఆ వరుస మీద వేలు పెట్టి, ‘నొప్పి నొప్పి అంటూ కూర్చున్న మనిషిని పడుకోబెట్టి ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కమంటారా సార్?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సరే, ‘గుండె ఆగిపోయింది’ అని రాద్దామంటే అక్కడ ఇంకో చిక్కుంది. తెలుగులో ఆ మాట వినగానే ప్రాణం పోయిందనే అనుకుంటాం. పోయిన మనిషి ఛాతీ ఎవరు నొక్కుతారు? ‘హృదయ స్తంభన’ అర్థంలో సరైనదే, వైద్య గ్రంథంలో ఉండనివ్వండి, కరపత్రంలో వద్దు. చివరికి నేను ‘గుండె కొట్టుకోవడం ఉన్నట్టుండి ఆగిపోతే’ అని రాసి, వెంటనే 108కి ఫోన్ చేయించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టమన్నాను. ‘ఆగిపోయింది’కీ ‘ఆగిపోతే’కీ మధ్య ఉన్న తేడాలోనే చదివేవాడికి చేయవలసిన పని దొరుకుతుంది.

పట్టీ వాక్యంలో చాలామంది ‘పడకుండా ఆపే పట్టీ’ అన్నారు. కల్యాణదుర్గం వైపు గాలిమర స్తంభమెక్కే కార్మికుడికి ఆ పట్టీ ‘పడుతుండగా పట్టి నిలిపేది’. ‘పడకుండా ఆపేది’ మనిషిని అంచుదాకా పోనివ్వని పొట్టి తాడు, అది వేరే సాధనం. పట్టి నిలిపే సాధనంలో మనిషి కొంత దూరం జారి, కుదుపును తగ్గించే పట్టీ కుట్లు తెగుతూ సాగిన తరువాతే ఆగుతాడు. అంటే అతని కింద అంత ఖాళీ ఉండాలి. ‘పడకుండా’ అని చదివిన మేస్త్రీ ఆ ఖాళీని లెక్కలోకి తీసుకోడు.

లైట్నింగ్ అరెస్టరు (ఎల్‌.ఏ.) పిడుగును ఆపదు. సబ్‌స్టేషనులోని ఎల్‌.ఏ. మామూలు వోల్టేజీలో దాదాపు కరెంటును పోనివ్వదు, ఉప్పెనలా వోల్టేజీ వచ్చినప్పుడు దారి ఇచ్చి దాన్ని భూమిలోకి పంపి, మళ్లీ మూసుకుంటుంది. మేడల మీది కడ్డీని కూడా మనవాళ్లు అదే పేరుతో పిలుస్తారు కాబట్టి ఏది అన్నది ముందు తేల్చుకోండి. పని చేసేవారికి రాస్తే ఎల్‌.ఏ. అనే రాయండి. లోహశాస్త్రం ఎవరూ అడగలేదు గాని, ఉక్కు ఉష్ణోగ్రతలను సూచించే ఏ1, ఏ3 గుర్తుల్లోని ‘ఏ’, ఆగుదల అనే అర్థంగల ‘అరె’ అన్న ఫ్రెంచి మాటకు మొదటి అక్షరం. చల్లారుతున్న లోహంలో ఉష్ణోగ్రత కాసేపు దిగకుండా నిలబడే చోటది. అక్కడ ‘నిలకడ’ చాలు.

అభ్యాసం కొంచెం కష్టమే. విక్రాంత్ నౌక మీద దిగిన విమానం తోకకొక్కెంతో అడ్డుతీగను పట్టుకొని ఆగుతుంది. కొల్చిసిన్ అనే రసాయనం విభజన మధ్యలో కణాన్ని నిలిపేస్తుంది. అరెస్టయి స్టేషనులో ఉన్న వ్యక్తికి గుండె కొట్టుకోవడం ఆగిపోతుంది. ఈ మూడింటినీ ఒక్కొక్క పేరాగా, నిర్బంధం, నిరోధం, స్తంభన అనే మాటలు ఎక్కడా రాకుండా, ‘అరెస్టు’ మొత్తం మీద ఒక్కసారి మాత్రమే వచ్చేలా రాసి పంపండి. మూడో పేరాలో గుండెపోటు కనిపిస్తే మిగిలినవి చదవను.