షోకేసులో ఎండ – 3వ పాఠం: ముందు నీడ, ఆ తర్వాతే ఫిల్మ్

షాపు షోకేసులో సరుకు ఎండకి వెలిసిపోకుండా చూసుకోవడమే ఈ పాఠాల పని. పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుంది కదా. షోకేసు లోపల ఎండ ఎంతవరకు వచ్చిందో గంటకోసారి చూసి, ఆ అంచున మాస్కింగ్ టేపు ముక్క అతికించి, దాని మీద టైము రాయడం. ఆ టేపులు ఇంకా పీకకండి, ఈ పాఠమంతా వాటితోనే పని. అప్పుడు చేయనివాళ్లు ఇవాళైనా చేయండి. మబ్బు లేని రోజు ఒక్కటి చాలు.

చాలామంది ఇదంతా వదిలేసి నేరుగా సన్‌ఫిల్మ్ (ఎండ ఆపడానికి అద్దానికి అతికించే పలచటి పొర) వేసేవాళ్లకి ఫోన్ చేస్తారు. వాళ్లు వచ్చి అద్దం కొలుస్తారు, చదరపు అడుగుకి ఇంత అని రేటు చెబుతారు, సాయంత్రానికి అతికించి వెళ్లిపోతారు. ఆరు నెలలు పోయాక చూస్తే బొమ్మకి కట్టిన చీర భుజం మీద వెలిసే ఉంటుంది. ఫిల్మ్ దొంగది కాదు. అది చేయగలిగే పని కొంతే, మిగతాది నీడ చేయాలి.

మీ అద్దం ఎటు చూస్తోంది

విశాఖ ఉత్తర అక్షాంశం 17.7 డిగ్రీల దగ్గర ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెంటి మధ్యా రోజూ మధ్యాహ్నం మనకి ఉత్తరం పక్కనే ఉంటాడు. "మాది ఉత్తర ముఖం, ఎండ ఊసే లేదు" అనుకునే షాపులో జూన్ సాయంత్రం అయిదింటికి అద్దం మీద ఏటవాలుగా ఎండ పడేది ఇందుకే. అదేమంత పెద్ద నష్టం కాదు. ఆ రెండున్నర నెలలూ అద్దానికి ఆనుకుని లేత రంగు పట్టు పెట్టకుండా ఉంటే సరిపోతుంది.

దక్షిణ అద్దానికి గండం డిసెంబరులో. చలికాలం ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ 49 డిగ్రీల ఎత్తు దాటడు, ఎండ వంగి లోపలికంటా దూరుతుంది. సంక్రాంతి సరుకు షోకేసుకెక్కే రోజులూ అవే.

వాస్తు చూసుకుని తూర్పు ముఖం తీసుకున్నవాళ్లకి ఎండ విషయంలోనూ కలిసొస్తుంది. పదింటికి షట్టర్ ఎత్తేసరికి లోపలికి దూరే ఎండ చాలావరకు అయిపోయి ఉంటుంది. రేకు షట్టర్‌ని మించిన తెర లేదు. జాలీ షట్టర్ అయితే మాత్రం ఈ లాభం పోతుంది, తెల్లారిన దగ్గర్నుంచి సరుకు ఎండలోనే ఉంటుంది. బీచ్ రోడ్డు సంగతి వేరు. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంటుంది కాబట్టి సముద్రం వైపు తిరిగిన షాపులు ఆగ్నేయం చూస్తాయి. వాటికి ఎండ ఒకటి, నీళ్ల మీంచి తిరిగొచ్చే తళుకు ఒకటి. ఆ తళుకు కింద నుంచి వస్తుంది, చూరు ఎంత ముందుకి వేసినా ఆగదు.

ఇక పడమర. ఎండ వాలే వేళా, బేరాల వేళా ఒకటే, షట్టర్ దించుకునే వీలు లేదు. తిప్పలన్నీ ఇక్కడే.

ఒక మీటరు చూరు ఎంత నీడ ఇస్తుంది

అద్దం పై అంచున సన్‌షేడ్ ఒక మీటరు ముందుకొచ్చి ఉందనుకోండి. దక్షిణ అద్దం మీద మార్చి 21 మధ్యాహ్నం దాని నీడ 3.1 మీటర్లు కిందికి దిగుతుంది, అంటే అద్దమంతా నీడే. అదే అద్దం మీద డిసెంబరులో 1.15 మీటర్లే. తూర్పు అద్దానికి ఏప్రిల్ మధ్యలో ఉదయం పదింటికి 1.8 మీటర్లు. పడమటి అద్దానికి అదే రోజు సాయంత్రం నాలుగింటికి 59 సెంటీమీటర్లు, అయిదింటికి 29.

అంటే రెండు మీటర్ల ఎత్తు పడమటి అద్దానికి నాలుగింటి ఎండ తగలకుండా చేయాలంటే 3.4 మీటర్ల చూరు కావాలి. ద్వారకానగర్ బజారులో అంత చూరు దించితే రోడ్డు సగం మీ షాపులో కలిసిపోతుంది. పడమటికి కావాల్సింది ముందుకి పొడుచుకొచ్చే చూరు కాదు, నిలువుగా దిగే తెర.

తెర అద్దానికి బయట ఉంటే మేలు, వేడి అద్దం దాకా రాదు. జాలీ అల్లికలో దొరికే రోలర్ తెర గుడ్డల్లో అయిదు శాతం కన్నాలున్నది అడగండి. ఎండ ఆగుతుంది, లోపల బొమ్మలు నీడల్లాగైనా కనిపిస్తాయి. నర్సరీల గ్రీన్ నెట్ చవకే గానీ దాని వెనక ప్రతి చీరా ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తుంది, బట్టల షాపుకి పనికిరాదు. బయట వీలుకాకపోతే అద్దానికీ సరుకుకీ మధ్య లోపలి రోలర్ బ్లైండ్ వేసుకోండి. వెలుతురు ఆపడంలో అదేమీ తీసిపోదు. కాకపోతే వేడి అద్దానికీ బ్లైండుకీ మధ్య ఇరుక్కుంటుంది, పైన నాలుగు అంగుళాల సందు వదిలితే అది ఎగదన్నుకుని బయటపడుతుంది. తెర ఏదైనా ఎప్పుడు దించాలో మీ టేపు మీది టైము చెబుతుంది. మూడుంబావుకి ఎండ మొదటి వరస సరుకుని తాకుతుంటే మూడింటికి తెర దిగాలి. ఆ పని షాపులో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి, అందరి పని అంటే ఎవరూ దించరు.

బయట వేసేదాని ఫ్రేముకి మన ఉప్పుగాలే శత్రువు. జీఐ పైపుని (జింకు పూత వేసిన ఇనుప పైపుని) వెల్డింగ్ చేశాక అతుకు దగ్గర జింకు కాలిపోయి ఉంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అల్యూమినియం ఫ్రేము వేసి స్టీలు బోల్టుల కింద నైలాన్ వాషరు పెట్టండి, రెండు లోహాలు నేరుగా తగిలితే ఉప్పు తేమలో అల్యూమినియం తినుకుపోతుంది. ఇంకోటి, ఏది వేసినా చుట్టేసే వీలో, విప్పేసే వీలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. ఫుట్‌పాత్ మీదికి వచ్చేదైతే జీవీఎంసీలో (మన నగర కార్పొరేషన్‌లో) ముందే అడిగి పెట్టుకోండి.

ఫిల్మ్ ఏం చేస్తుంది, ఏం చేయదు

మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో అల పొడవు తక్కువున్నవాటిని ఆపుతుంది. 320 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి చాలావరకు లోపలికి వదిలేస్తుంది. రంగులకి పెద్ద దెబ్బ వీటిదే. మంచి ఫిల్మ్ వీటిని ఆపుతుంది. "99 శాతం యూవీ" అని డబ్బా మీద చూసి ఊరుకోకండి, ఎన్ని నానోమీటర్ల దాకా అని అడగండి. 380 దాకా కొలిచి 99 అనేవీ ఉన్నాయి, 400 దాకా ఆపేవీ ఉన్నాయి. రెండోది తీసుకోండి. మీది రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దమైతే, అంచున ఆ పొర గీతలా కనిపిస్తుంది. ఆ పొరే యూవీని దాదాపు అంతా ఆపేస్తుంది, దాని మీద రంగు లేని యూవీ ఫిల్మ్ వేయడం డబ్బు దండగ.

కానీ యూవీ పూర్తిగా పోయినా కంటికి కనిపించే వెలుతురు కూడా రంగుని తింటుంది, తక్కువగా, నిదానంగా. ఒక లెక్క చూడండి. ఎండ నేరుగా పడే షోకేసులో 50,000 లక్స్ (వెలుతురు కొలత) ఉందనుకుందాం. రెండు గంటలకి లక్ష లక్స్-గంటలు. షాపు లోపల లైట్ల కింద 500 లక్స్, రోజుకి పది గంటలంటే 5,000. అంటే షోకేసులో రెండు గంటల ఎండ లోపలి రాక్‌లో ఇరవై రోజులతో సమానం, యూవీని లెక్కలోకి తీసుకోకుండానే. మామూలు అద్దం 88 శాతం వెలుతురు వదులుతుంది. ఫిల్మ్‌తో కలిపి వీఎల్‌టీ (లోపలికి వచ్చే వెలుతురు శాతం) 35కి దించితే ఆ ఇరవై రోజులు ఎనిమిదికి తగ్గుతాయి, సున్నా కావు. అందుకే నీడ ముందు అంటున్నాం.

షోకేసులో పాత ధరల కార్డో, కంపెనీ పోస్టరో ఉంటే ఒకసారి చూడండి. మొహాలన్నీ నీలం రంగుకి తిరిగాయా? అచ్చు ఇంకుల్లో పసుపూ గులాబీ ముందు పోతాయి, నీలం, నలుపు నిలుస్తాయి. మీకు ఉచితంగా దొరికిన మీటరు అది. అది నీలమెక్కిన చోట ఏ సరుకూ పెట్టకండి.

రకాల సంగతి క్లుప్తంగా. రంగు అద్దిన చవక ఫిల్మ్ రెండు మూడు ఎండాకాలాలకి ఊదా రంగుకి తిరుగుతుంది. అద్దంలా మెరిసే లోహపు ఫిల్మ్ వేడిని బాగా ఆపుతుంది గానీ పగలు రోడ్డు మీది కస్టమర్‌కి సరుకు బదులు తన మొహమే కనిపిస్తుంది, పైగా సముద్రపు గాలికి అంచుల్లో లోహం తుప్పు పడుతుంది. షోకేసుకి సెరామిక్ రకం, వీఎల్‌టీ 50 నుంచి 70 మధ్యది బాగుంటుంది. ఖరీదు ఎక్కువే. కార్ల అద్దాల మీద ఫిల్మ్ వద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని కొందరు అడుగుతుంటారు. అది వాహనాలకి, షాపులకి కాదు.

అతికించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

పనివాళ్లే చేస్తారు, అయినా మీరు పక్కనుండాలి. అద్దం వేడిగా ఉంటే నీళ్లు ముందే ఆరిపోయి ఫిల్మ్ ముడత పడి పట్టేస్తుంది, కాబట్టి పడమటి అద్దానికి పొద్దున్నే, తూర్పు అద్దానికి సాయంత్రం. ఫ్యాన్లు, ఏసీ ఆపండి, ఊడవడం ముందు రోజే ముగించండి. లోపల ఇరుక్కున్న దుమ్ము నలుసు మళ్లీ బయటికి రాదు.

ముందు ఉత్త నీళ్లతో రెండుసార్లు కడగాలి. మన అద్దాల మీద ఉప్పు పొర ఉంటుంది, పొడిగుడ్డతో రుద్దితే ఇసుక నలుసులతో కలిసి గీతలు పడతాయి. తర్వాత లీటరు నీళ్లలో మూడు నాలుగు చుక్కల బేబీ షాంపూ కలిపి చల్లి, పాత స్టిక్కర్ల జిగురు బ్లేడుతో వంచి గీరాలి. ఫిల్మ్ రోలు వెడల్పు 1.52 మీటర్లు. అద్దం అంతకన్నా వెడల్పుంటే అతుకు ఎక్కడ రావాలో ముందే మీరు చెప్పండి, లేదంటే నట్టనడుమ వస్తుంది. నాలుగు వైపులా అంగుళం ఎక్కువ కోసి, వెనక పొర తీసి, జిగురు వైపూ అద్దమూ బాగా తడిపి అంటించాలి. పైనుంచి నడిమికి, నడిమి నుంచి అంచులకి నీళ్లు తోలాలి. అంచున ఫ్రేముకీ ఫిల్మ్‌కీ మధ్య ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల సందు ఉండాల్సిందే. ఫ్రేములోకి దూర్చి కోస్తే నీళ్లు బయటికి పోయే దారి లేక ఆ అంచే మొదట లేస్తుంది.

మొదటి నెల అక్కడక్కడా పాలలా తెల్లటి మచ్చలు, చిన్న నీటి బుడగలు కనబడతాయి, వాటంతటవే ఆరతాయి. ఆ నెలంతా అద్దం లోపలి వైపు తుడవద్దు. ఆ తర్వాత కూడా అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడకండి.

అద్దం పగిలితే కారణం కనుక్కోవచ్చు. అంచుకి లంబకోణంలో మొదలై లోపలికి వంకరగా పోయిన చీలిక అయితే అది వేడి వల్ల. ముదురు ఫిల్మ్ ఎండని తాగి వేడెక్కుతుంది, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉంటుంది, ఆ తేడాకి మామూలు అద్దం చీలుతుంది. అద్దానికి ఆనించి పెట్టిన డబ్బాలు, నల్ల బ్యాక్‌డ్రాప్, నేరుగా అద్దం మీదికి వీచే ఏసీ దాన్ని ఇంకా పెంచుతాయి. సరుకుని అద్దానికి కనీసం మూడు అంగుళాలు ఎడంగా పెట్టండి. మూలన ముద్ర ఉన్న టఫెన్డ్ (గట్టిపరిచిన) అద్దానికి ఈ భయం తక్కువ.

ఇంత చేశాక కూడా

సరుకు తిప్పాలి. షోకేసుకెక్కిన ప్రతి వస్తువు ట్యాగ్ వెనక పెన్సిలుతో తేదీ వేయండి. ఎండ తగిలే వరసలో వారం, తగలని వరసలో మూడు వారాలు, ఆ తర్వాత లోపలికి. మడతపెట్టిన చీరలో వెలిసేది మడత అంచు, విప్పితే గజం గజానికీ ఒక తెల్ల చార. అందుకే దించేటప్పుడల్లా మడత మార్చండి. చెప్పుల షాపుల్లో ఒకటి షోకేసులో, రెండోది డబ్బాలో ఉంటుంది. మూడు నెలలకి ఆ జత జత కాకుండా పోతుంది, వారానికోసారి కుడి ఎడమ మార్చండి. ఏటికొప్పాక బొమ్మలు అమ్మేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. లక్కలో కలిపేవి చెట్ల రంగులు, పసుపుతో చేసిన పసుపు వన్నె అన్నిటికన్నా ముందు పోతుంది. లక్క వేడికి మెత్తబడే సరుకు కూడా, బొమ్మలు ఒకదానికొకటి ఆనకుండా వేలెడు ఎడం ఉంచండి. ఫ్లోరోసెంట్ రంగుల పిల్లల బట్టలు ఎండ వరసలో అసలు వద్దు.

ఈ పాఠం పని: మీ సరుకులో ఒకే తానులోంచి అరచేతంత ముక్కలు రెండు కత్తిరించండి. ఒక్కోదాని మీద సగానికి దళసరి అట్ట పిన్ను కొట్టి, ఒకటి తెర వెనక, ఇంకోటి తెర లేని చోట అద్దం పక్కన నాలుగు వారాలు ఉంచండి. అట్ట తీశాక పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాలి, ట్యూబులైటు కింద కాదు. ఆ ముక్కలు దాచి ఉంచండి. 4వ పాఠంలో పట్టు, నూలు, పాలిస్టర్, తోలు ఏది ఎన్నాళ్లు ఆగుతుందో ఆ ముక్కలు పట్టుకునే చూస్తాం.