బెంగళూరు వంటింట్లో బీన్స్ కూర: పచ్చికొబ్బరితో, పప్పుల పొడితో

బీన్స్ అంటే ఇష్టం లేదనేవాళ్లలో చాలామంది తిన్నది బీన్స్ కాదు. నీళ్లలో ఉడికించి, వార్చి, రంగూ రుచీ ఆ నీళ్లతోపాటు సింకులో పోయాక మిగిలిన పిప్పి. బెంగళూరు వచ్చిన కొత్తలో నేనూ అలాగే చేసేదాన్ని. కుక్కర్‌లో రెండు విజిల్స్ రానిచ్చి, నీళ్లు వంపేసి, ఆ మెత్తటి ముక్కల మీద తాలింపు వేసి, కారం ఎక్కువ చల్లితే రుచి అదే వస్తుందనుకునేదాన్ని. రాలేదు. ఈ కూరకి మసాలాలు అక్కర్లేదు. ముక్క సన్నగా తరగాలి, నీళ్లు చాలా తక్కువ పోయాలి, పొయ్యి దగ్గర ఓ పావుగంట నిలబడాలి. అంతే.

నాకు ఈ దారి చూపించింది కింద పోర్షన్‌లో ఉండే ఓనర్ ఆంటీ. వాళ్లు కన్నడిగులు. ఒకరోజు భోజనానికి పిలిచి, "హురుళికాయి పల్య చేశానమ్మా, వేసుకో" అన్నారు. కన్నడలో హురుళి అంటే ఉలవలు, అందుకని నేను ఉలవల కూర అనుకున్నాను. ప్లేట్‌లోకి చూస్తే పచ్చగా నవనవలాడుతున్న బీన్స్, పైన తెల్లటి కొబ్బరి. ఇక్కడ బీన్స్‌ని హురుళికాయి అంటారని అప్పుడే తెలిసింది. కొత్తగా వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకుంటే మార్కెట్లో పనికొస్తుంది. ఎలా చేశారని అడిగితే ఆంటీ ముందు చెప్పిన మాట, "హురుళికాయిగె నీరు జాస్తి బేడ." బీన్స్‌కి నీళ్లు ఎక్కువ వద్దు. ఆవిడ పద్ధతికి మా కడప వైపు వేసుకునే పప్పుల పొడి కలిపితే వచ్చిందే ఇప్పుడు మా ఇంట్లో వారానికి రెండుసార్లు చేసే కూర.

ముందు కాయలు ఎంచుకోవడం గురించి చెప్తాను, సగం రుచి అక్కడే తేలిపోతుంది కాబట్టి. కాయని మధ్యకి వంచితే టప్‌మని విరగాలి. రబ్బరులా వంగితే అది రెండు మూడు రోజుల కింద కోసిన కాయ, ఎంత ఉడికించినా పీచులాగే ఉంటుంది. పైనుంచి చూస్తేనే లోపలి గింజలు ఉబ్బి కనిపిస్తుంటే ముదిరిందని అర్థం, అది ఈ కూరకి వద్దు, గింజలు ఒలిచి సాంబారులో వేసుకోండి. మడివాళ మార్కెట్లోగానీ మల్లేశ్వరంలోగానీ పొద్దున్నే వెళ్తే కోలారు, చిక్కబళ్లాపుర వైపు నుంచి వచ్చిన తాజా కాయ దొరుకుతుంది. అంత దూరం కుదరకపోతే మీ వీధి చివర హాప్‌కామ్స్ అంగడి ఉందేమో చూడండి. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైన సంస్థ అది, ఇప్పుడు అన్ని కూరగాయలూ అమ్ముతుంది, నేను ఎక్కువగా అక్కడే కొంటాను. అమ్మేవాళ్లు "నాటి బీన్స్" అంటే ఇక్కడి దేశవాళీ రకం. దానికి నార ఎక్కువ, తీయడానికి కాస్త ఓపిక కావాలి, కానీ రుచి మాత్రం దానిదే. దొరికితే వదలకండి.

ముగ్గురికి పావుకిలో సరిపోతుంది. కాయల్ని తరగకముందే కడగాలి, తరిగాక కడిగితే రుచి నీళ్లపాలే. కడిగాక గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వండి, ఈలోగా పొడి చేసుకోవచ్చు. తడి కాయలు నూనెలో పడితే వేగవు, ఉడుకుతాయి.

నార తీయడం ఇలా. కాయ కొనని వేళ్లతో విరిచి, పూర్తిగా తెంపకుండా, అలాగే పక్క అంచు వెంట కిందికి లాగండి. సన్నటి దారంలా ఊడి వస్తుంది. రెండో కొన దగ్గర మళ్లీ విరిచి అటు అంచు వెంట లాగాలి. లేత కాయకి అసలేమీ రాదు, అలాంటప్పుడు కొనలు తుంచేస్తే చాలు. తరగడానికి ఒక్కొక్క కాయ పట్టుకోవద్దు, ఎనిమిదో పదో కాయల కొనలు సమంగా పేర్చుకుని గుత్తిగా పట్టుకుని తరిగితే త్వరగా అవుతుంది, ముక్కలూ ఒకే సైజులో వస్తాయి. పావు అంగుళం మించకూడదు. పెద్ద ముక్కలైతే ఉడకడానికి ఎక్కువ నీళ్లు కావాలి, ఎక్కువ నీళ్లంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు. హోటళ్లలో ఫ్రైడ్ రైస్‌కి తరిగేంత సన్నం అని గుర్తుపెట్టుకోండి. ఆంటీ ఇప్పటికీ కత్తిపీట ముందు కూర్చుని తరుగుతారు. ఆవిడ ముక్కలు చూస్తే అన్నీ అచ్చులో పోసినట్టుంటాయి, లోపలి చిన్న గింజ ప్రతి ముక్కలోనూ గుండ్రంగా కనిపిస్తుంది.

ఇక పొడి. రెండు పెద్ద చెంచాల పుట్నాల పప్పు (బెంగళూరు అంగళ్లలో హురిగడలె అని అడగండి), మూడు ఎండుమిరపకాయలు, అర చెంచా జీలకర్ర, మూడు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఉప్పు. మిరపకాయల్ని, జీలకర్రని చుక్క నూనెలో వాసన వచ్చేదాకా వేయించి చల్లారనివ్వండి. పుట్నాలు వేయించక్కర్లేదు, అవి ముందే వేయించినవి. వెల్లుల్లి తప్ప మిగతావన్నీ మిక్సీలో బరకగా తిప్పి, చివర్లో వెల్లుల్లి వేసి ఒక్కసారి తిప్పి ఆపేయండి. మొదట్లోనే వేస్తే దాని తడికి పొడి ఉండలు కడుతుంది. పొడి పిండిలా మెత్తగా కాకుండా పంటికి తగిలేలా ఉండాలి, ఎందుకంటే ముక్కల్లో మిగిలిన కాస్త చెమ్మని పీల్చుకుని ప్రతి ముక్కకీ అంటుకోవాల్సింది ఇదే. వెల్లుల్లి తినని రోజు అది మానేసి ఇంగువ పెంచండి.

ఇప్పుడు పొయ్యి వెలిగించండి. వెడల్పాటి బాణలి కావాలి, ముక్కలు ఒకదాని మీద ఒకటి గుట్టగా పడితే కిందివి మాడి పైవి పచ్చిగా ఉంటాయి. రెండు పెద్ద చెంచాల నూనె కాగాక అర చెంచా ఆవాలు, అవి చిటపటమన్నాక చెంచా శనగపప్పు, అది కాస్త రంగు తిరగ్గానే చెంచా మినప్పప్పు, ఒక తుంచిన ఎండుమిరపకాయ. మినప్పప్పు ఎర్రబడేలోపు ఇంగువ, రెండు రెమ్మల కరివేపాకు వేసేయాలి. ఈ దశలో ఫోన్ చూడొద్దు. పప్పు బంగారు రంగు నుంచి మాడు రంగుకి పోవడానికి పది సెకన్లు చాలు, మాడిన పప్పు చేదు కూర మొత్తానికీ ఎక్కుతుంది, అది ఇంకేం వేసినా పోదు.

బీన్స్ ముక్కలు వేసి మంట పెంచి రెండు నిమిషాలు మూత లేకుండా కలుపుతూ వేయించండి. ఈ రెండు నిమిషాలూ చాలా ముఖ్యం. కాయలో సహజంగా ఉండే ఆమ్లాలు వేడికి బయటికొస్తాయి, మూత పెడితే అవి బాణలిలోనే తిరిగి పచ్చదనాన్ని పాడుచేస్తాయి. ఆకుపచ్చ రంగుకి కారణమైన క్లోరోఫిల్‌లో మధ్యన మెగ్నీషియం ఉంటుంది, ఆమ్లం తగిలితే ఆ మెగ్నీషియం ఊడిపోయి రంగు మట్టి పచ్చగా మారుతుంది. మెస్సుల్లో కనిపించే ఆ నీరసం రంగు అదే. మూత తీసి ఉంచితే ఆ ఆవిరి పైకి పోతుంది. రెండు నిమిషాలకి ముక్కల రంగు ముందుకన్నా గాఢంగా, మెరుస్తూ కనిపిస్తుంది, అప్పుడు అర చెంచా ఉప్పు వేయండి. చూడ్డానికి తక్కువనిపిస్తుంది, కానీ ఉడికితే కూర తగ్గుతుంది, పొడిలోనూ ఉప్పుంది. ఉప్పు పడ్డాక ముక్కల్లోంచి కొంచెం నీరూరుతుంది, దానికి తోడు పావు కప్పు నీళ్లు చిలకరించి, మూత కొంచెం వారగా పెట్టి, మంట మధ్యస్థంగా ఉంచండి.

ఏడెనిమిది నిమిషాలు. మధ్యలో రెండుసార్లు కలపండి. ఇక్కడ చెవి పెట్టాలి. మొదట్లో బాణలిలో నీళ్లు ఉడుకుతున్న మెత్తని గుసగుస వినిపిస్తుంది. నీళ్లు అయిపోతున్నకొద్దీ ఆ శబ్దం మారి, నూనెలో ఏదో వేగుతున్నట్టు చిన్న చిటపటలు మొదలవుతాయి. మూత తీయాల్సింది అప్పుడే. ఒక ముక్క తీసి కొరికి చూడండి. మెత్తగా తెగాలి, కానీ చివర్లో చిన్న కరకర ఉండాలి. ఇంకా పచ్చి వాసనొస్తే రెండు చెంచాల నీళ్లు చల్లి ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. పచ్చి బీన్స్‌లో లెక్టిన్లు ఉంటాయి, సరిగా ఉడక్కపోతే కడుపునొప్పి వస్తుంది, అందుకని కరకర కోసం పచ్చిగా మాత్రం దించొద్దు.

ఊళ్లో ఏడు నిమిషాలకి ఉడికిన బీన్స్ ఇక్కడ పదికి కూడా ఉడకట్లేదని మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. ఒక కారణం ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అది చిన్న తేడానే. అసలు కారణం నీళ్లు. కావేరి నీళ్లు రాని రోజుల్లో మా బిల్డింగ్‌కి ట్యాంకర్ వస్తుంది, అది బోరు నీరు, గిన్నెల మీద తెల్లటి మరకలు పడేంత కఠినమైన నీరు. దాంట్లోని కాల్షియం కాయ గోడల్లో ఉండే పెక్టిన్‌ని పట్టుకుని గట్టిపరుస్తుంది, ముక్క ఎంతసేపటికీ మెత్తబడదు. ఒక వేసవిలో వారం రోజులు కాయలదే తప్పనుకుని అంగళ్లు మార్చాను, చివరికి తాగే నీళ్లు పోసి చూస్తే మామూలు టైముకే ఉడికింది. కావాల్సింది పావు కప్పే కదా, ఫిల్టర్ నీళ్లే వాడండి. చింతపండు, టమాటా కూడా ముందే వేస్తే ఇలాగే ముక్క గట్టిపడుతుంది, పులుపు కావాలంటే అన్నీ అయ్యాకే.

త్వరగా ఉడుకుతుంది, రంగు కూడా నిలుస్తుంది అని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. వద్దు. రంగు నిజంగానే నిలుస్తుంది, కానీ ముక్క జావగా అయిపోతుంది, బి1 విటమిన్ పోతుంది, నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది.

నీళ్లన్నీ ఇగిరాక మంట తగ్గించి పొడి చల్లి ఒక్క నిమిషం కలపండి, స్టవ్ ఆపేసి అప్పుడు మూడు పెద్ద చెంచాల పచ్చికొబ్బరి తురుము వేయండి. కొబ్బరికి బాణలి వేడి చాలు. మంట మీద వేయిస్తే దాని పాల తీపి పోయి ఎండుకొబ్బరిలా అవుతుంది. పసుపు నేను వేయను, పచ్చరంగుని కప్పేస్తుంది, వేయాల్సిందే అనుకుంటే చిటికెడులో సగం. నిమ్మకాయ పిండాలనిపిస్తే కూరని గిన్నెలోకి తీసుకున్నాక నాలుగు చుక్కలు పిండి వెంటనే వడ్డించండి. ఇనుప బాణలిలో ఉండగా పిండితే పులుపుకి ఇనుము దిగి కూర నల్లబడుతుంది, ఆ పొరపాటు ఒకసారి అతిథులు వచ్చిన రోజే చేశాను.

వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఈ కూర. లేదా చారన్నంలో నంజుకోండి. రాగిముద్ద, సారుతో (కన్నడిగులు చారుని అలా అంటారు) ఆంటీ వాళ్లు తింటారు, అదీ చాలా బాగుంటుంది. ఆఫీసు బాక్సుకైతే పచ్చికొబ్బరి మానేసి పొడి ఒక చెంచా ఎక్కువ వేయండి, పొద్దున ఎనిమిదింటికి కట్టిన బాక్సులో కొబ్బరి మధ్యాహ్నానికి పులిసిన వాసన వస్తుంది, ఎండాకాలంలో మరీ త్వరగా. పిల్లలు తినకపోతే గంటసేపు నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు బీన్స్‌తోపాటే వేయండి. చెన్నైలో ఉండే మా పిన్ని నానిన కందిపప్పుని మిరపకాయలతో రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, పొడిపొడిగా చిదిమి కలుపుతుంది, అక్కడ దాన్ని పరుప్పు ఉసిలి అంటారు. రుచి అద్భుతంగా ఉంటుంది కానీ పని ఎక్కువ, ఆదివారాలకి ఉంచుకోండి.

పొడి మాత్రం ఒకేసారి రెండింతలు చేసి తడి తగలని సీసాలో పెట్టుకుంటే వారం దాటినా బాగుంటుంది, వెల్లుల్లి వేసినదైతే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రికి కూర కాస్త మిగిలితే పొద్దున దోసె మీద పరిచి, పైన ఇంకొంచెం ఆ పొడి చల్లి మడిచి ఇవ్వండి. మా ఇంట్లో దానికోసమే కూర కొంచెం దాచిపెడుతున్నారు.