శాఖా గ్రంథాలయంలో పాత పుస్తకం వెతికి పట్టుకోవడం ఎలా?

లైబ్రరీకి వెళ్లి ఉత్తి చేతులతో తిరిగొచ్చిన వాళ్లందరూ ఒకటే మాట చెబుతారు, "ఆ పుస్తకం అక్కడ లేదండీ" అని. చాలాసార్లు అది అక్కడే ఉంటుంది. వీళ్లు చూసిన బీరువాలో ఉండదు, అంతే.

ముందు సభ్యత్వం. ఆధార్ జిరాక్సు, ఫొటోలు, కొంత డిపాజిట్. కొన్నిచోట్ల హామీ సంతకం కూడా అడుగుతారు. అరగంట పని. చాలా శాఖలు పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరుస్తారు. మధ్యాహ్నం వెళితే తాళమే. మా వైపు శుక్రవారం సెలవు. వెళితే పొద్దున్నే వెళ్లాలి, సాయంత్రం పేపర్లు చదివేవాళ్లతో బల్లలు నిండిపోతాయి.

ఒక చీటీ, పెన్సిల్ తీసుకెళ్లండి. పెన్ను వద్దు. ఫోన్‌లో రాసుకోవడం అసలే వద్దు. అది తెరిచారంటే పుస్తకం సంగతి మర్చిపోయినట్టే. చీటీ మీద పుస్తకం పేరు, రచయిత పూర్తి పేరు రాయండి. ఇంటిపేరు తప్పనిసరి.

అసలు తిప్పలన్నీ ఇక్కడే. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827. నవలలూ కథలూ అయితే చివర 3 చేరుతుంది. అంటే రాక్ నిండా ఉన్న నవలలన్నిటికీ నంబరు ఒకటే. నంబరు మిమ్మల్ని రాక్ దాకా తీసుకెళుతుంది, ఆ తర్వాత అక్షరాలే దిక్కు. అక్షరాలు ఇంటిపేరువా, కలంపేరువా అన్నది ఆ రోజు కేటలాగు కార్డు రాసినాయన ఇష్టం. చలం 'చ' దగ్గర లేకపోతే 'గు' దగ్గర చూడండి, ఆయన గుడిపాటి వారు. ఆరుద్ర 'ఆ' దగ్గర దొరక్కపోతే భాగవతుల కింద వెతకండి. బుచ్చిబాబుకి 'బు' చూశాక శివరాజు. ఆ 'శి' దగ్గరా లేకపోతే 'సి' కూడా చూడండి, మనవాళ్లు శ, స కలిపేయడం కొత్తేం కాదు.

రెండు చోట్లా చూశారు, లేదు. అప్పుడే ఇంటికి బయల్దేరకండి. ముందు వరస వెనక రెండో వరస ఉందేమో చెయ్యిపెట్టి చూడండి. సైజు పెద్దవి అడుగు అరలో పడుకోబెట్టి ఉంటాయి. పాతవాటికి మళ్లీ బైండింగ్ చేయించినప్పుడు చాలావాటి వీపు మీద పేరు వేయరు. అలా బోడిగా ఉన్నవాటిని ఒక్కొక్కటీ తీసి చూడాల్సిందే. తీసేటప్పుడు వీపు పైఅంచు పట్టి లాగొద్దు, కుట్టు ఊడుతుంది. అటూఇటూ పుస్తకాల్ని కాస్త లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకుని తీయండి. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఇంకో పాపం ఉంది. చదివినవాళ్లు పుస్తకాన్ని వాళ్లే తిరిగి అరలో పెట్టేయడం. సాయం చేస్తున్నామనుకుంటారు. ఒక శాఖలో నేను ఒక నవల కోసం మూడు నెలలు తిరిగాను. చివరికి వంటల పుస్తకాల మధ్య, పచ్చళ్ల పక్కన కనబడింది. చదివాక బల్లమీదే వదిలేయండి, సర్దడం వాళ్లు చూసుకుంటారు.

ఇంతా చేసి దొరక్కపోతే లైబ్రేరియన్‌ని అడగండి. "మంచి నవలలున్నాయా మేడం?" అంటే ఆవిడ మాత్రం ఏం చెబుతుంది? చీటీ చూపించి, "అక్సెషన్ రిజిస్టర్లో ఈ పుస్తకం ఉందేమో చూస్తారా?" అనండి. లైబ్రరీకి వచ్చిన పుస్తకాలన్నీ రాసుకునే చిట్టా అది, ఒక్కో కాపీకి అందులో విడి నంబరు ఉంటుంది. నంబరు ఉండి, కొట్టివేత లేకపోతే, అది ఎవరింట్లోనో ఉండాలి, లేదా తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఆ బీరువా తెరవమని అడగడానికి మొహమాటపడకండి. మీ ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు, ఊరికే ఏమీ అడగడం లేదు.

మీక్కావలసింది పాత పత్రికల సంచికలైతే మాత్రం శాఖల్లో కాళ్లరగదీసుకోవద్దు. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయానికి వెళ్లండి. పీడీఎఫ్‌లు లేవా అంటారు. ఉన్నాయి, సగంలో పేజీలు వంకరగా, చివరి అధ్యాయం లేకుండా.

పుస్తకం దొరికాక కౌంటర్ దగ్గరే పేజీలు ఒకసారి తిప్పండి. చిరిగినవి, పోయినవి కనిపిస్తే అప్పుడే చూపించి, తేదీలు వేసే డేట్ స్లిప్ పక్కన పెన్సిల్‌తో రాయించండి. ఇంటికెళ్లాక చూస్తే ఆ చింపింది మీరే అవుతారు.