ఇంకుడు గుంత: నీళ్లు నిజంగా ఇంకాలంటే

హైదరాబాద్‌లో చాలా ఇళ్ల ముందు ఇంకుడు గుంత ఉంటుంది, వాన నీళ్లు మాత్రం రోడ్డు మీదే పారుతుంటాయి. రెండు వానాకాలాలకే గుంత బురదతో పూడిపోతుంది. తప్పు కంకరది కాదు, దాంట్లోకి పోనిచ్చిన మట్టిది.

ముందు లెక్క. 100 చదరపు మీటర్ల డాబా, అంటే సుమారు 120 గజాలు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో పైన అడుగు ఖాళీ వదిలినా, మిగతాదంతా కంకర, ఇసుకే కాబట్టి పట్టేది సుమారు 3,000 లీటర్లే. మిగతాది వాన పడుతుండగానే ఇంకాలి. కాబట్టి 'నాలుగడుగులు చాల్లే' అంటే ఒప్పుకోవద్దు.

పునాదికి పదడుగుల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకు ఇంకా ఎడంగా తవ్వండి. అడుగున చిన్న గుంట తీసి నీళ్లు పోయండి, ఇంకాక మళ్లీ నింపండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే కింద రాయో నల్లరేగడో ఉన్నట్టు. రేగడైతే మొరం తగిలేదాకా తవ్వాలి. రాయైతే గుంత మానేసి ఆ నీళ్లు సంపులో పట్టుకోండి.

నింపడం తేలికే. కింద మూడడుగులు 40 ఎంఎం కంకర, పైన అడుగున్నర 20 ఎంఎం, సన్న నైలాన్ జాలి, దాని మీద అరడుగు దొడ్డు ఇసుక. జాలి లేకపోతే ఇసుక కంకర సందుల్లోకి జారిపోతుంది. ఇటుక ముక్కలు వేయొద్దు, సరిగా కాలనివి నాని పొడై సందులు మూసేస్తాయి.

అసలు పని మట్టి ఆపే తొట్టిది. డాబా పైపు నేరుగా గుంతలోకి వదిలితే పైవన్నీ దండగే. గుంతకు ముందు రెండడుగుల చదరం, మూడడుగుల లోతు తొట్టి ఇటుకతో కట్టి లోపల ప్లాస్టరింగ్ చేయించండి. గుంతకు వెళ్లే నాలుగంగుళాల పైపు తొట్టి అడుగు నుంచి అడుగున్నర ఎత్తులో ఉండాలి. నీళ్లు వచ్చే పైపు దానికన్నా కనీసం నాలుగంగుళాలు పైన. మేస్త్రీలు ఇక్కడే చెడగొడతారు: 'నీళ్లు నిలవవు, దోమలు రావు' అని వెళ్లే పైపును అడుగుకే పెట్టేస్తారు. అప్పుడది తొట్టి కాదు, ఉత్త మలుపు. మట్టి కిందికి దిగాలంటే నీళ్లు కాసేపు నిలవాల్సిందే. దోమలకు మందు బిగుతు మూత, వాన వెలిశాక నిలిచిన నీళ్లు తోడేయడం.

తొట్టి లోపల వెళ్లే పైపు మూతికి ఎల్బో (వంపు ముక్క) బిగించి నోరు కిందికి తిప్పండి, తేలే ఆకులు లోపలికి పోవు. కట్టాక రెండు బకెట్ల మట్టినీళ్లు పోసి, నీళ్లు గుంతలోకి పడేదాకా గొట్టంతో నెమ్మదిగా నింపండి. గుంతలోకి ఎర్రటి నీళ్లే పడితే పైపు మట్టం సరిచేయించాకే మూత పెట్టనివ్వండి.

సీజన్‌లో మొదటి వాన డాబా దుమ్మంతా తెస్తుంది. డాబా పైపుకు వాల్వు పెట్టించి, అది తిప్పి ఆ నీళ్లను బయటికే వదిలేయండి. గుంత నిండితే పొంగే నీళ్లు వరద కాలువకే పోవాలి, డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కు కాదు. వానల్లో మ్యాన్‌హోళ్లు పొంగడానికి ఇలా కలపడం ఒక కారణం.

వాన నీళ్లు నేరుగా బోరులోకి దింపే పద్ధతి ఈమధ్య బాగా అమ్ముడవుతోంది. డాబా మీది పావురాల రెట్ట వడపోత లేకుండా భూగర్భ జలంలో కలుస్తుంది. వద్దు.

ఏటా మేలో ఇసుక పొర తీసి కడిగి మళ్లీ వేయండి. తొట్టిలో మట్టి జానెడు పేరుకోగానే ఎత్తేయండి, వానాకాలం మధ్యలోనైనా సరే.