పాత అంబాసిడర్ స్టార్ట్ కావడం లేదా? బ్యాటరీ కొనే ముందు ఇవి చూడండి

సెల్ఫ్ తిరగకపోతే చాలామంది నేరుగా ఆటోనగర్ వెళ్లి కొత్త బ్యాటరీ తెచ్చేస్తారు. అంబాసిడర్, పద్మిని లాంటి బండ్లలో దోషం తరచుగా వైర్ల కనెక్షన్లలోనే ఉంటుంది. మల్టీమీటర్, ఉప్పు కాగితం దగ్గర పెట్టుకోండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయండి.

సమస్య: టక్‌మని ఆగిపోతోంది, లేదా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ వదులైనట్టు. బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా సెల్ఫ్ పట్టేసి ఉండాలి. నిండుగా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే తగ్గకూడదు.

బ్యాటరీ బాగున్నా నీరసం పోలేదంటే ఎర్త్ చూడాల్సిందే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఉంటుంది కాబట్టి, బాడీ నుంచి దానికి కరెంటు అందాలంటే ఎర్త్ పట్టీ బాగుండాలి. మీటర్ ఒక కొన బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు), రెండోది ఇంజన్ బ్లాకు మీద ఆనించి, పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. 0.5 వోల్టు దాటితే దోషం ఆ దారిలోనే. బ్యాటరీ ఎర్త్ కేబుల్ ముందు తీసేసి, పట్టీ బోల్టు విప్పండి. కింద తుప్పు, పాత పెయింటు, ఆకుపచ్చ పొడి కనిపిస్తాయి. లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలైన్ పూయండి. మన కృష్ణా తీరపు తేమకు ఏటా వానలు తగ్గాక ఈ పని చేసుకోవడం మంచిది.

సమస్య: లైట్లు మసకబారవు, శబ్దమే లేదు

తాళం తిప్పినప్పుడు సోలెనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు) చిన్న టెర్మినల్‌కు 12 వోల్టులు రాకపోతే ఇగ్నిషన్ స్విచ్చో, వైరో పోయింది. వస్తుంటే సోలెనాయిడే అనుమానించాలి.

సమస్య: సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచేది) మూత తీసి పాయింట్లు, అంటే లోపల తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు, చూడండి. అంబాసిడర్‌కు గ్యాప్ దాదాపు 0.4 మి.మీ. ఉండాలి. పాయింట్లు మాటిమాటికీ కాలిపోతుంటే కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు తగ్గించే చిన్న డబ్బా) మార్చండి.

సమస్య: పొద్దున స్టార్ట్ అవుతుంది, మే ఎండలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ పలుకుతుంది

వేడి మీదే పరీక్షించాలి, చల్లారితే దొరకదు. పెట్రోలు వాసన లేదని చూసుకుని, కాయిల్ (స్పార్క్‌కు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసేది) మధ్య వైరును ఇన్సులేటెడ్ ప్లయర్‌తో బ్లాకుకు దగ్గరగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. స్పార్క్ ఎర్రగా, బలహీనంగా ఉంటే ముందు కండెన్సర్, తర్వాత కాయిల్ మార్చి చూడండి. నీలంగా, గట్టిగా వస్తుంటే కరెంటు దోషం కాదు. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతోందేమో చూడండి.