ఆషాఢం ఖాళీలో సొంత ఏఐ బొమ్మల మోడల్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఆషాఢంలో ముహూర్తాలుండవు. రావులపాలెం నుంచి రాజోలు దాకా ఫొటో స్టూడియోల వాళ్లు కాస్త ఊపిరి పీల్చుకునే నెల అది. ఈ మధ్య చాలామంది ఆ ఖాళీలో కొత్త పని పెట్టుకుంటున్నారు. తాము తీసిన ఫొటోలతోనే సొంత ఏఐ బొమ్మల మోడల్ తయారు చేసుకుంటున్నారు. శ్రావణం పెళ్లిళ్ల నాటికి ఆల్బమ్ కవర్లకీ, శుభలేఖలకీ, ఫ్లెక్సీలకీ అక్కరకొస్తుందని ఆశ. ఆలోచన మంచిదే. రెడీమేడ్ మోడల్‌ని కొబ్బరిచెట్ల మధ్య కాలువ గీయమంటే తరచూ కేరళ హౌస్‌బోటు తెచ్చి పెడుతుంది. జగ్గన్నతోట ప్రభ (సంక్రాంతికి ఊరేగించే అలంకరించిన వెదురు కట్టడం) గీయమంటే రథమో గోపురమో ఏదో ఒకటి గీసి ఊరుకుంటుంది. మన ఊరిని దానికి మనమే నేర్పాలి. కాకపోతే ట్రైనింగ్ బటన్ నొక్కాక మన చేతిలో ఉండేది తక్కువ. జాగ్రత్తంతా అంతకుముందే పడాలి.

ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. 2022 ఆగస్టులో మాటల్లో చెబితే బొమ్మ గీసే స్టేబుల్ డిఫ్యూజన్ మోడల్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. మూడు నుంచి ఐదు ఫొటోలతో ఒక మనిషినో వస్తువునో నేర్పే డ్రీమ్‌బూత్ పద్ధతిని గూగుల్ పరిశోధకులు బయటపెట్టింది కూడా ఆ నెలలోనే. ఇప్పుడు ఎక్కువమంది వాడేది లోరా అనే పద్ధతి. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దీన్ని భాషా మోడళ్ల కోసం తయారుచేశారు, తర్వాత బొమ్మలకీ పనికొచ్చింది. దీంట్లో పెద్ద మోడల్ జోలికి పోరు, పక్కన ఒక చిన్న ఫైలు తయారవుతుంది, దాన్నీ లోరా అనే అంటారు. కొన్ని ఎంబీల నుంచి కొన్ని వందల ఎంబీల దాకా ఉంటుంది. వాట్సాప్‌లో పంపేయొచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు ఆ ఫొటోలు ఎవరివో తేల్చుకోండి. "నేను తీసింది నాదే కదా" అంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలా అనదు. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కెమెరా మీది, ఎండలో నిలబడ్డది మీరు, హక్కు మాత్రం పెళ్లివారిది. అందుకని బుకింగ్ రసీదులోనే తెలుగులో ఒక లైను వేయించండి: మీ ఫొటోలతో ఏఐ మోడల్‌కి ట్రైనింగ్ ఇవ్వచ్చా, వద్దా. "ఆయ్, దాందేముందండీ, వాడుకోండి" అని పెళ్లికూతురి బాబాయిగారు అన్నంత మాత్రాన సరిపోదు. ముఖం ఆ అమ్మాయిది, సంతకమూ ఆ అమ్మాయిదే కావాలి. పెళ్లికొడుకు విషయమూ అంతే.

నన్నడిగితే కస్టమర్ల ముఖాల జోలికి అసలు పోవద్దంటాను. ఒక మనిషి ముఖం నేర్చుకున్న లోరా చేతికి చిక్కితే ఆ మనిషిని ఏ బట్టల్లోనైనా గీయించచ్చు, బట్టల్లేకుండా కూడా గీయించచ్చు. మీ దగ్గర పనిచేసే కుర్రాడు బంగారంలాంటివాడే కావచ్చు, ఆ ఫైలు అతని ఫోన్‌లోంచి ఇంకో ఫోన్‌లోకి పోవడానికి ఎంతసేపు? చిన్నపిల్లల ముఖాలైతే ఎవరు బతిమాలినా చేయకండి. నేర్పడానికి వేరే సరుకు బోలెడుంది. మండపం అలంకరణలు, కాలువ గట్లు, కడియం నర్సరీల పూలు, నరసాపురం లేసు పని, సంక్రాంతి ప్రభలు. మీరు సొంతంగా తిరిగి తీసిన ఇలాంటి ఫొటోలతో పేచీ ఉండదు. ఎవరైనా కోరి తమ ముఖంతోనే చేయించుకుంటే, ఆల్బమ్ ఇచ్చిన రోజునే ఆ లోరానీ, ట్రైనింగ్ ఫోల్డర్‌నీ వాళ్ల ముందే డిలీట్ చేయండి. ఎక్కడైనా లీకైనట్టు తెలిస్తే పరువు పోతుందని దాచుకుని కూర్చోకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని వాళ్లకి చెప్పండి.

ఇక ఫొటోలు ఏరడం. ఫొటోలో ఉన్నదంతా అది నేర్చుకుంటుంది, మీరు నేర్పాలనుకున్నది ఒక్కటే కాదు. మూలనున్న మీ స్టూడియో లోగో, పాత కెమెరా వేసిన తేదీ, వెనకాల వేలాడే ఫ్లెక్సీ, అన్నీ. తెలుగు అక్షరాలున్న ఫ్లెక్సీ నాలుగు ఫొటోల్లో ఉందంటే, తర్వాత ప్రతి బొమ్మలోనూ ఎవరికీ అర్థం కాని లిపితో బోర్డులు మొలుస్తాయి. వాటిని కత్తిరించి పడేయండి. ఆల్బమ్‌కి వెళ్లిన ఎడిటెడ్ ఫొటోలు అస్సలు పెట్టొద్దు. మనవాళ్లు చర్మం నునుపు చేసి, రంగు రెండు మెట్లు తేల్చి ఇస్తారు కదా, మోడల్ అదే నిజమనుకుంటుంది. ఆ తర్వాత చామనఛాయ మనిషిని అడిగినా ప్లాస్టిక్ బొమ్మే వస్తుంది. కెమెరాలోంచి వచ్చిన ఒరిజినలే వాడండి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది వద్దు, అది నలిగి చిన్నదైపోయి ఉంటుంది. డాక్యుమెంటుగా పంపించుకుంటే సైజు తగ్గదు, కానీ ఫోన్‌తో తీసినదైతే ఎక్కడ తీశారో ఆ లొకేషన్ కూడా లోపలే ఉండొచ్చు. ఆన్‌లైన్ సైటుకి ఎక్కించే ముందు దాన్ని తీసేయండి. ఆ సైటు మీ ఫొటోల్ని తన సొంతానికి వాడుకుంటుందో లేదో షరతుల్లో చూసుకోండి.

ట్రైనింగ్ సెట్టింగుల్లో ఫ్లిప్ అని ఒకటుంటుంది. ఫొటోలు తక్కువున్నప్పుడు ఒక్కోదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రెండుగా చూపించడానికి. ట్యుటోరియల్ చూసి ఆన్ చేస్తారు. మన ఫొటోలకి అది ఆన్‌లో ఉండకూడదు. పైట ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మారిపోతుంది. పైట మారితే ఎవరో ఒకరు కనిపెట్టి నవ్వుకుంటారు, అంతే. జంధ్యం అలా కాదు. మామూలుగా ఎడమ భుజం మీంచి కుడి చేతి కిందికి ఉంటుంది. తిప్పితే కుడి భుజమెక్కుతుంది, అంటే తద్దినం నాడు వేసుకునే అపసవ్యం. పెళ్లి కార్డు మీద పెళ్లికొడుకు అలా కనబడితే పురోహితుడుగారు ఏమంటారో మీకే తెలుసు, బిల్లు డబ్బులు కూడా రావు.

ప్రతి ఫొటోకీ ఇంగ్లిష్‌లోనే వివరణ రాయండి. ఈ మోడళ్లకి మాటలు నేర్పింది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే, తెలుగు లిపి ఎక్కదు. స్టేబుల్ డిఫ్యూజన్ 77 టోకెన్లకి (మాట ముక్కలకి) మించి ఒకేసారి చదవదు కాబట్టి పొడుగ్గా రాయనక్కర్లేదు. మారాల్సినవన్నీ వివరణలో చెప్పండి: చొక్కా రంగు, పగలా రాత్రా, వెనకాల ఏముంది. చెప్పనిదాన్ని మీరు నేర్పే వస్తువులో భాగమనుకుంటుంది. బొమ్మ అడిగేటప్పుడు ఆ వస్తువుని పిలిచే పేరు మాత్రం అర్థంలేని అక్షరాల కూర్పు పెట్టండి. లక్ష్మి అని పెడితే నాలుగు చేతులు రావచ్చు.

ఎక్కువసేపు నేర్పితే బాగా వస్తుందనుకోకండి. 20, 30 ఫొటోలకి 1500 స్టెప్పులు (నేర్చుకునే దఫాలు), లెర్నింగ్ రేటు (ఒక్కో దఫాకి ఎంత మారాలో చెప్పే అంకె) 0.0001తో మొదలుపెట్టి, 250 స్టెప్పులకోసారి ఫైలు సేవ్ అయ్యేలా పెట్టండి. తర్వాత అన్నిటికీ ఒకే ప్రాంప్ట్ (బొమ్మ అడిగే వాక్యం), ఒకే సీడ్ (బొమ్మ ఎక్కణ్నుంచి మొదలవాలో చెప్పే అంకె) ఇచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. సముద్రం ఒడ్డు అడిగినా మీ మండపమే వస్తోందంటే మాడిపోయినట్టు, అంటే అతిగా నేర్చేసుకున్నట్టు. అంతకుముందు సేవైన ఫైలు తీసుకోండి. చివరిదే మంచిదన్న రూలేమీ లేదు.

ఎవరో పంపిన మోడల్ ఫైలు దించుకునేటప్పుడు సేఫ్‌టెన్సర్స్ (.safetensors) రకమైతేనే తెరవండి. పాత సీకేపీటీ (.ckpt) ఫైళ్లలో వైరస్ కోడ్ దాచిపెట్టొచ్చు, తెరవగానే పనిచేస్తుంది. పెళ్లివారి డేటా అంతా ఉన్న కంప్యూటర్‌లో ఆ ప్రయోగాలొద్దు.

మిషను సంగతి. స్టేబుల్ డిఫ్యూజన్‌లో పెద్ద రకమైన ఎస్‌డీఎక్స్‌ఎల్‌కి 1024 పిక్సెళ్ల సైజులో నేర్పాలంటే గ్రాఫిక్స్ కార్డుకి 12 జీబీ మెమరీ ఉంటే టెన్షన్ ఉండదు. గూగుల్ ఆన్‌లైన్‌లో ఇచ్చే ఉచిత కొలాబ్‌లో సెషన్ మధ్యలో తెగిపోతే ఫైళ్లూ పోతాయి, ముందే గూగుల్ డ్రైవ్‌కి కలపండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి రాత్రంతా వదిలేయకండి. ఆషాఢమంటే గాలీవానా, కరెంటు పోవడం మామూలే. బిల్లింగు కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా పనిచేస్తున్నప్పుడు కాసేపే ఆగుతుంది, సవ్యంగా ఆపుకోవడానికి మాత్రం సరిపోతుంది. ఆగినచోటి నుంచి మళ్లీ మొదలెట్టే సేవ్ స్టేట్ ఆప్షన్ మొదటిరోజే ఆన్ చేసుకోండి. వరదలొచ్చేదీ ఈ రోజుల్లోనే. ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది. లంకల్లో, ఏటిగట్టు పక్కన స్టూడియో ఉన్నవాళ్లు రెండోదాని కోసం చూడకుండా సామాను మేడ మీదికి చేర్చండి. ముందు ఒరిజినల్ ఫొటోలున్న హార్డ్ డిస్కులు, తర్వాతే కంప్యూటర్.