కాలేజీతో కలిసి ఊళ్లో పనిచేయాలంటే: ఎంఓయూ కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ఎంఓయూ (కలిసి పనిచేస్తామని రాసుకునే అవగాహన ఒప్పందం) మీద సంతకాలు పెట్టి, వెనకాల ఫ్లెక్సీ కట్టి, శాలువాలు కప్పుకుని ఫొటో దిగడం చాలా తేలిక. ఎన్ని ఎంఓయూలు ఉన్నాయి, వాటి కింద ఏం చేశారు అని కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లు చూస్తారు కాబట్టి కాలేజీకి ఆ కాగితం కావాలి. ఫండ్ ఇచ్చేవాళ్లకు పేరున్న యూనివర్సిటీ లోగో చూపించాలి కాబట్టి ఎన్జీవోకీ కావాలి. ఇద్దరి అవసరమూ తీరుతుంది, ఊరి అవసరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే నేనైతే సంతకాలు చివర్లో పెట్టుకోమంటాను. ముందు ఒక్క సెమిస్టర్‌లో అయిపోయే చిన్న పని ఎత్తుకోండి, దాని ఫలితం మళ్లీ ఊరికి చేరేదాకా కలిసి చేయండి, అది కుదిరితే అప్పుడు ఎంఓయూ.

ఇది ఎన్జీవోలో పనిచేసేవాళ్లకూ, ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) చూసుకునే లెక్చరర్లకూ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. ఉదాహరణగా నల్గొండ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ (ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది) పరీక్ష తీసుకున్నాను, ఎందుకంటే కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ ఉన్న ఏ డిగ్రీ కాలేజీ అయినా చేయగల పని అది.

ఎవర్ని పట్టుకోవాలి

వైస్ ఛాన్సలర్ అపాయింట్‌మెంట్ కోసం తిరక్కండి. ఆయన "మంచి ఆలోచన" అని రిజిస్ట్రార్‌కి రాస్తారు, అక్కణ్నుంచి డీన్‌కి, డీన్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి, ఫైలు కిందికి దిగేసరికి సెమిస్టర్ అయిపోతుంది. మీకు కావాల్సింది ఒక్క లెక్చరర్, ఆదివారం కూడా ఫోన్ ఎత్తే రకం. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మొదలుపెట్టండి. 1969లో మొదలైన ఈ పథకంలో ఒక్కో వాలంటీరు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు సేవ చేయాలి, పైగా దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటుంది. యూనిట్‌కి మామూలుగా వంద మంది పిల్లలు. అంటే గంటలూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు, సరైన పని దొరక్కే చాలాచోట్ల వాళ్లతో కాలేజీ ఆవరణలో వయ్యారిభామ పీకిస్తుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే డిగ్రీ పిల్లలకు మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది, 180 గంటలు, 4 క్రెడిట్లు. మార్కులు ఉన్న పని కాబట్టి పిల్లలు ఎగ్గొట్టరు. కానీ మార్కుల కోసమే చేసేవాళ్లు ఇంట్లో కూర్చుని సర్వే ఫారాలు నింపేయగలరన్న సంగతి కూడా మర్చిపోవద్దు. ఇక కాలేజీలను ఊళ్లతో కలిపే కేంద్ర పథకం, 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్‌లో చేరిన విద్యాసంస్థలు అయిదేసి ఊళ్లను దత్తత తీసుకుంటాయి. మీ దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ఆ జాబితాలో ఉందేమో, అందులో మీరు పనిచేసే ఊరు ఉందేమో కనుక్కోండి. ఉంటే సగం పర్మిషన్లు ముందే వచ్చినట్టు.

లెక్చరర్ల వైపు నుంచి చూస్తే, ఎన్జీవో సంగతి తెలుసుకోవడానికి రిజిస్ట్రేషన్, దర్పణ్ ఐడీ (ఎన్జీవోలకు ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే నంబరు), కిందటేడు ఆడిట్ రిపోర్టు అడగండి. మంచి సంస్థ ఏదీ అందుకు నొచ్చుకోదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. వాళ్లు పనిచేస్తున్నామని చెప్పిన ఊరికి వాళ్లకు చెప్పకుండా వెళ్లి, అంగన్‌వాడీ టీచర్నో ఆశా కార్యకర్తనో అడగండి. "ఆ సారు వాళ్లా, నెలకోసారి వస్తరు" అన్నారంటే సరే. "ఎవరు?" అన్నారంటే వచ్చిన బస్సులోనే తిరిగి రండి.

పని చిన్నదిగా ఉండాలి

గ్రామీణాభివృద్ధి, మహిళా సాధికారత లాంటివి బ్యానర్ మీద రాసుకోవడానికి బాగుంటాయి, సోమవారం పొద్దున ఏం చేయాలో మాత్రం చెప్పవు. "ఈ ఊళ్లో జనం నిజంగా తాగుతున్న నీళ్లు ఏవి, వాటిలో ఫ్లోరైడ్ ఎంత" అన్నది పని. నల్గొండలో ఇది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది కానీ కాదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇంటికొచ్చాయి కాబట్టి కాగితం మీద సమస్య తీరిపోయింది. కానీ రుచి నచ్చక వాటర్ ప్లాంట్ డబ్బా కొనుక్కునేవాళ్లు ఉంటారు, నల్లా రానిరోజు పాత బోరుకే వెళ్లేవాళ్లు ఉంటారు, పొలంలో ఉన్నంతసేపూ అక్కడి మోటారు నీళ్లే తాగేవాళ్లు ఉంటారు. ఈ లెక్క ఏ ఆఫీసులోనూ ఉండదు, ఇంటింటికీ తిరిగితేనే తెలుస్తుంది. తిరగడానికి మనుషులు కాలేజీ దగ్గర ఉన్నారు, ఏ ఇంటికి ఏ పూట వెళ్లాలో ఎన్జీవోకి తెలుసు. రెండూ కలవాల్సింది ఇక్కడే.

శాంపిల్ తీయడం చూడ్డానికి చిన్న పనే గానీ చెడేది అక్కడే. ప్లాస్టిక్ సీసాలే వాడండి, ఫ్లోరైడ్‌కి గాజు సీసాలు వద్దు. బోరు మోటారు వేసిన వెంటనే పట్టకుండా కాసేపు వదలండి, పైపులో నిలిచిన నీళ్లు పోవాలి. అదే నీళ్లతో సీసాని మూడుసార్లు కడిగి అప్పుడు నింపండి. మూత మీద కాదు, సీసా ఒంటి మీద కోడ్ రాయండి, ఎందుకంటే ల్యాబ్‌లో మూతలు తారుమారవుతాయి. ఎవరి బోరు, ఎన్ని అడుగులు, తాగుతారా లేదా, తేదీ, టైము అన్నీ నోట్‌బుక్‌లో ఆ కోడ్ ఎదురుగా ఉండాలి. కాలేజీలో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే మంచిది, లేకపోతే రంగు మారే పద్ధతిలో స్పెక్ట్రోఫొటోమీటర్ మీద చేయొచ్చు. ప్రతి పది శాంపిళ్లలో ఒకదాన్ని ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబ్‌కి కూడా పంపండి. పిల్లల లెక్క సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది, రేపు సర్పంచ్ ఆ కాగితం పట్టుకుని మండలానికి వెళితే "కాలేజీ పిల్లలు చేసిందా" అని పక్కన పడేయకుండానూ ఉంటారు.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు, నీళ్లను అక్కడికక్కడే పరీక్షించే ఫీల్డ్ టెస్ట్ కిట్ మీద శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉంది. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో పంచాయతీ కార్యదర్శిని అడిగి, మొదటి రోజు నుంచే వాళ్లను పక్కన పెట్టుకోండి.

రెండు క్యాలెండర్లు

నా లెక్కలో ఇలాంటి పనులు చెడేది డబ్బుల దగ్గర కంటే తేదీల దగ్గరే ఎక్కువ. కాలేజీకి ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, సెమిస్టర్ పరీక్షలు. ఊరికి నాట్లు, కలుపు, అక్టోబరు నుంచి పత్తి ఏరడం. పత్తి రోజుల్లో పొద్దున ఏడింటికల్లా ఆడవాళ్లు ఆటోలెక్కి కూలికి వెళ్లిపోతారు. పదకొండింటికి బస్సు దిగిన పిల్లలకు ముసలివాళ్లు, తాళాలు తప్ప ఏమీ కనిపించవు. సాయంత్రం ఆరు తర్వాత అందరూ దొరుకుతారు, కానీ ఆడపిల్లలు ఆ టైముకి హాస్టల్లో ఉండాలి. దీనికి మంచి మార్గం ఇంటింటి సర్వేని ఏడు రోజుల క్యాంపులో పెట్టుకోవడమే, అప్పుడు పిల్లలు ఊళ్లోనే బడిలో ఉంటారు, చీకటి పడ్డాక కూడా టీచర్ పక్కన ఉండగా నాలుగిళ్లు తిరగొచ్చు. క్యాంపుకి ముందు ఆ బడిలో బాత్రూములు పనిచేస్తున్నాయో లేదో ఒకసారి వెళ్లి చూసి రండి, ఫోన్‌లో "అన్నీ ఉన్నయి సార్" అంటే నమ్మొద్దు.

నీళ్లకు కూడా క్యాలెండర్ ఉంది. వానలు పడ్డాక వచ్చిన అంకె, ఏప్రిల్‌లో నీళ్లు అడుగంటినప్పుడు వచ్చే అంకె ఒకటి కావు. ఒకే బోరుని రెండు కాలాల్లోనూ చూడగలిగితే మంచిది, కుదరకపోతే అన్ని బోర్లనూ ఒకే వారంలో ముగించండి.

ఒక చార్ట్ మీద పన్నెండు నెలలు గీసి, పైన కాలేజీవి, కింద ఊరివి రాయండి. రెండూ ఖాళీగా ఉన్న వారాలు ఎన్నో లేవని వెంటనే తెలిసిపోతుంది. పని ఆ వారాల్లోకి సరిపోకపోతే పనిని తగ్గించండి.

ఒక్క పేజీ కాగితం

ఎంఓయూ కాదు, లాయర్ అక్కర్లేదు, తెలుగులో రాసుకున్న ఒక్క పేజీ చాలు. రెండు వైపులా ఎవరు బాధ్యులు, వాళ్లు లేకపోతే రెండో మనిషి ఎవరు. ఆటో, భోజనం, సీసాలు, రసాయనాలు ఎవరి ఖర్చు. పిల్లలకు దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు. వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, పేపర్ రాస్తే ఎవరి పేర్లు వస్తాయి. ఊళ్లో ఏ రోజున ఫలితం చెబుతారు. ఈ ఆఖరిదానికి తేదీ వేయకపోతే ఆ రోజు రాదు.

డబ్బు విషయంలో ఒక మాట. మీ సంస్థ విదేశీ విరాళాలతో నడుస్తుంటే, విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బుని ఇంకో సంస్థకు ఇవ్వడానికి లేదు. కాబట్టి ఆ ఖాతా నుంచి కాలేజీకి గ్రాంటు ఇస్తామని నోరు జారొద్దు. సీసాలు మీరే కొని బిల్లు పెట్టుకోవడం వేరు, కాలేజీ ఖాతాలో డబ్బు వేయడం వేరు, ఏదైనా ఆడిటర్ని అడిగాకే. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బు కోసం వెళ్లేట్టయితే ఎన్జీవోకి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. అయినా మొదటి పనికి కంపెనీల జోలికి పోకపోవడమే మంచిది, వాళ్ల టీషర్టులు, వాళ్ల ఫొటోల షెడ్యూలు చూసుకోవడంలోనే సగం రోజులు పోతాయి.

వివరాలు ఎవరివి అన్నదాని గురించి పూర్వపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన భూగర్భజలాల ప్రాజెక్టు, ఏపీఫామ్స్ అని పిలిచేవారు, దాన్ని చూడొచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపిన ఆ పనిలో వాన ఎంత పడిందో, బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రైతులే కొలిచి రాసుకునేవారు, ఆ లెక్కతోనే ఏ పంట వేయాలో కూర్చుని మాట్లాడుకునేవారు. మీ పరీక్షల రిజిస్టర్ కాపీ ఒకటి పంచాయతీలో, ఒకటి మహిళా సంఘం దగ్గర పెట్టండి. కాలేజీ కంప్యూటర్‌లో మాత్రమే ఉన్న లెక్క పాస్‌వర్డ్ తెలిసిన పిల్లాడితోపాటే పాసై వెళ్లిపోతుంది.

ఆధార్ నంబర్లు తీసుకోవద్దు, ఏ పనికీ అక్కర్లేదు. పిల్లల పళ్లు చూస్తాం, మూత్రం పరీక్ష చేస్తాం అని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి. అది మనుషుల మీద పరిశోధన కిందికి వస్తుంది, ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. మొదటి సెమిస్టర్‌కి నీళ్లు చాలు.

పిల్లల్ని దింపే ముందు

ఒక పూట కూర్చోబెట్టి మాట్లాడండి. ఫారం రెండు పేజీలు దాటొద్దు. "మీ వార్షికాదాయం ఎంత" అని మొదటి ప్రశ్నే వేస్తే అవతలామె రేషన్ కార్డు గుర్తొచ్చి నోరు మూసుకుంటుంది. బిందె దగ్గర మొదలుపెట్టండి, ఈ నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చారమ్మా అని. అడక్కుండా ఫొటో తీయొద్దు. ఇంకో ప్రశ్నకు జవాబు ముందే తయారుగా ఉండాలి, ఎందుకంటే అది తప్పకుండా వస్తుంది: "ఇంతకుముందు గూడ ఎవరో వచ్చి రాసుకొని పోయిండ్రు బిడ్డా, ఏమైంది?" దానికి "పై అధికారులకు పంపుతాం" అనడం అబద్ధమే అవుతుంది. "వచ్చే నెల ఫలానా రోజు మీ బోరు సంగతి కాగితం మీద రాసి మీ చేతికిస్తాం" అని చెప్పగలిగితేనే పిల్లల్ని ఆ గడప ఎక్కించండి.

ఫలితం చెప్పడం

ఎక్కువ శ్రమ ఇక్కడ పెట్టండి. గ్రాఫులు, పీపీటీ ఊరికి అక్కర్లేదు. ఇంటికో చీటీ చాలు, ఇలా:

"మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మిల్లీగ్రాములు ఉంది. 1.5 దాటకూడదు. తాగడానికి, వంటకు వాడొద్దు. కాచినా పోదు. స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. నల్లా నీళ్లు రానిరోజు వాడుకోవడానికి దగ్గర్లో మంచి నీళ్లు: బడి వెనక బోరు."

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒకటికి, ఒకటిన్నరకి మధ్య ఉన్న ఇళ్లకు చీటీలో ఏం రాయాలన్నది ముందే డాక్టర్‌తో మాట్లాడి ఒక మాట మీద ఉండండి, ఒక్కో పిల్లాడు ఒక్కో రకంగా చెబితే ఊరంతా టెన్షన్.

పేపర్‌కి ఇవ్వడం అన్నిటికంటే చివర. ఫ్లోరైడ్ ఊరు అని పేరు పడితే పిల్లలకు సంబంధాలు రావడం కష్టమని నల్గొండ పెద్దవాళ్లకు బాగా తెలుసు. ముందు ఇంటివాళ్లకు, తర్వాత సర్పంచ్‌కీ వార్డు సభ్యులకూ, తర్వాత గ్రామసభలో, అప్పుడు అధికారులకు. ఈ వరస మారిస్తే వచ్చే ఏడు ఆ ఊళ్లో మీకు మంచినీళ్లు కూడా దొరకవు.

సమస్య తెలియగానే ఫిల్టర్ ప్లాంట్ పెట్టేద్దాం అని కాలేజీ నుంచి ఒకరైనా అంటారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించింది, దాని పేరే నల్గొండ పద్ధతి. చవకైనది, తెలివైనది. కానీ రోజూ నీళ్లను బట్టి మోతాదు వేయాలి, అడుగున చేరిన మడ్డి తీసి ఎక్కడో పారబోయాలి, ఆ పని చేసే మనిషికి జీతం ఇవ్వాలి. రోజూ పొద్దున్నే అక్కడికి ఎవరు వస్తారో పేరు చెప్పలేకపోతే యంత్రం పెట్టొద్దు. చెడ్డ బోరుని తాగడానికి వాడకుండా చేసి, మంచి బోరుకి మోటారు బాగుచేయిస్తే చాలా ఊళ్లకు అదే సరిపోతుంది.

రెండో ఏడాదికి

పని కుదిరిందనిపిస్తే ఇప్పుడు ఎంఓయూ రాసుకోండి, ఏడాది గడువుతో, ఆపేయాలనుకుంటే ఎలా ఆపాలో కూడా రాసి. చేసిన పని రిపోర్టు చేతిలో ఉంటుంది కాబట్టి న్యాక్ ఫైలుకి ఎవరూ ఏమీ అల్లాల్సిన పని ఉండదు. ఈ ఏడాది చేసిన పిల్లల్లో ఇద్దరు ముగ్గుర్ని వచ్చే ఏడాది జట్టులో ఉంచండి, కొత్తవాళ్లను బోరు దగ్గర నిలబెట్టి నేర్పడం వాళ్లకే వస్తుంది. ప్రభుత్వ కాలేజీ అయితే లెక్చరర్‌కి ట్రాన్స్‌ఫర్ ఎప్పుడైనా రావొచ్చు, కాబట్టి ఏప్రిల్‌లోపే నోట్‌బుక్కులు, బోర్ల జాబితా, ఊళ్లో ఎవరితో మాట్లాడాలో ఆ ఫోన్ నంబర్లు రెండో మనిషికి అప్పగించి, ఆ మనిషిని ఒకసారి ఊరికి తీసుకెళ్లి సర్పంచ్‌కీ, కిట్ పట్టుకున్న అయిదుగురికీ పరిచయం చేసేయండి.